సంచి కట్టినా సొగసు చెడొద్దు!

బైకు అన్నాక లగేజీ తప్పదు. అయితే దాంతో బండి రూపం పాడైపోవాలనేం లేదు. చీరలు మోసే గద్వాల, సంతకెళ్లే వనపర్తి, అడవి దారి పట్టే నాగర్‌కర్నూల్... ఈ మూడు చోట్ల బళ్లను కాస్త నిలబడి చూస్తే ఏ బండికి ఏ సంచి నప్పుతుందో అర్థమైపోతుంది.

కొత్త బండి కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం. రంగు దగ్గర ఇంట్లో చిన్నపాటి యుద్ధమే జరుగుతుంది. నెలకు కిస్తీ ఎంతో పదిసార్లు లెక్కేస్తాం. రేపు దీని మీద ఏం మోస్తాం, ఎక్కడ కడతాం అన్న మాట మాత్రం షోరూంలో వినిపించదు. అది పండక్కి ఊరెళ్లే ముందురోజు గుర్తొస్తుంది. ఇక అప్పుడు దొరికిందే క్యారియర్, దొరికిందే పెట్టె, దొరికిందే తాడు. బండికి ఒక వైపు ఉబ్బు, ఇంకో వైపు బోడి. నంబర్ ప్లేటు సగమే కనబడుతుంది. ట్యాంకు మీద తాళ్ల గీతలు పడతాయి. ఏడాది తిరక్కముందే అది కొత్త బండన్న సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఇంకో రకం వాళ్లున్నారు. అందం చెడుతుందని బండికి ఏమీ బిగించరు. బట్టలు, ల్యాప్‌టాప్, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా అన్నీ వీపు మీది బ్యాగులోనే. గద్వాలలో బయల్దేరి హైదరాబాద్ చేరేసరికి భుజాలు పట్టేస్తాయి. ఆ బరువు మోసింది బండి కాదు, వెన్నెముక. పొరపాటున జారి పడితే ఆ బ్యాగులోని గట్టి వస్తువే ముందుగా నడుముకు తగులుతుంది.

ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అది రోజూ కనిపించేదే. ఇక్కడ బైకు షికారు వస్తువు కాదు. మగ్గానికీ మార్కెట్టుకీ, చేనుకీ సంతకీ, తండాకీ పట్నానికీ నడుమ తిరిగే రవాణా బండి. ఈ బళ్లు చెప్పే సూత్రం ఒక్కటే. బరువు కుదురుగా కూర్చున్న బండి కంటికీ కుదురుగానే ఉంటుంది. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉందంటే చాలాసార్లు తూకం కూడా తప్పినట్టే.

గద్వాల: ముందు సరుకు, తర్వాతే సంచి

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కుప్పడం పద్ధతిలో ఆ రెంటినీ మగ్గం మీదే పోగు పోగుకూ లంకె వేసి నేస్తారు. అగ్గిపెట్టెలో పట్టే చీర అని పాతకాలం నుంచీ దానికి పేరు. గద్వాలలో, రాజోలిలో, అయిజలో నేసిన చీర మాస్టర్ వీవర్ ఇంటికి చేరడానికి ఇప్పుడు మోటార్ సైకిలే దిక్కు. పోయేటప్పుడు చీరలు, వచ్చేటప్పుడు పడుగు, పట్టు, జరీ.

చీరకు బరువు లేదు గానీ శత్రువులు చాలా. మడత నలగకూడదు, తడి తగలకూడదు, దుమ్ము చేరకూడదు, గొలుసు గ్రీజు అసలే అంటకూడదు. ఇలాంటి సరుకుకు ఇనుప పెట్టె అక్కర్లేదు. పెట్టె సగం ఖాళీగా ఉంటే గతుకు గతుకుకూ చీరలు లోపల ఎగిరిపడి మడతలు చెదురుతాయి. దీనికి కావాల్సింది సీటు మీద పొడవుగా పరుచుకునే మెత్తని, వెడల్పాటి సంచి. లోపల పాత నూలు గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కవరు, ఆపైన సంచి. వెనక సీటు మీద కదలకుండా రెండు పట్టీలు. ఆ సంచి సీటు వెడల్పు దాటనంత కాలం సీటులో భాగంలాగే కనబడుతుంది. బండి రూపం మారదు. ఇప్పుడు బజార్లో టెయిల్ బ్యాగు పేరుతో అమ్ముతున్నది దీన్నే.

మనమంతా చీరలు మోయకపోవచ్చు. పద్ధతి మాత్రం అందరికీ పనికొస్తుంది. సంచి చూడకముందు సరుకు చూడాలి. ఒక వారం పాటు బండి మీద ఏమేం మోశారో కాగితం మీద రాయండి. ఉద్యోగి అయితే రెయిన్‌కోటు, టిఫిన్, ఫైళ్లు, అప్పుడప్పుడూ కూరగాయలు. వనపర్తి రాజాగారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ విద్యార్థి అయితే పుస్తకాలు, డ్రాయింగ్ సామాన్లు. వీటికి 15 లేదా 20 లీటర్ల చోటు చాలు. అయినా దుకాణానికెళ్లి 45 లీటర్ల పెట్టె తెచ్చుకుంటాం, ఎప్పుడైనా పనికొస్తుందని. ఆ ‘ఎప్పుడైనా’ ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. మిగతా రోజులన్నీ ఖాళీ పెట్టె బండి వెనక వేలాడుతూ ఉంటుంది. రోజూ మోసేదానికి రోజూ ఉండే చిన్న సంచి, పండగకు మోసేదానికి పండగకే కట్టే పెద్ద సంచి అనుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

తడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద మగ్గాలను ముంచేసిన రాజోలికి నీళ్లు చేసే నష్టం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్యాగు మీద 1680 డీనియర్ అని ఉంటే అది పోగు మందం లెక్క, నీళ్లు ఆపే లెక్క కాదు. గుడ్డ ఎంత గట్టిదైనా కుట్టు రంధ్రాల నుంచి, జిప్పు పళ్ల నుంచి నీళ్లు దిగుతాయి. నోరు మూడు నాలుగు చుట్లు చుట్టి బిగించే రోల్‌టాప్ సంచుల్లో, అతుకులు కుట్టకుండా వేడితో అతికించిన వాటిలో ఆ బెడద తక్కువ. లేదంటే లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి వేస్తే సరి. యూరియా బస్తా లోపలి కవరును దాచిపెట్టుకునే రైతుకు ఈ కిటుకు ఎప్పట్నుంచో తెలుసు.

పెబ్బేరు: ఎక్సెల్ చూపే తూకం

వనపర్తి జిల్లా పెబ్బేరులో శనివారం సంత. హైదరాబాద్, బెంగళూరు మధ్య పరిగెత్తే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే పశువులు, గొర్రెలు, కూరగాయలు, తాళ్లు, పలుగులు, పారలు. అక్కడికొచ్చే బళ్లలో అందగత్తె కాకపోయినా అందరికన్నా తెలివైనది టీవీఎస్ ఎక్సెల్. 1980లో వచ్చిన టీవీఎస్ 50 సంతతి అది. వంద సీసీ కూడా నిండని ఇంజిన్, 90 కిలోలు దాటని ఒళ్లు. అయినా వేరుసెనగ మూట దాని మీద కుదురుగా కూర్చుంటుంది.

కారణం దాని నిర్మాణంలోనే ఉంది. నడిపే మనిషి కాళ్ల ముందు చదునైన చోటు ఉంటుంది. మూట అక్కడ పడితే బరువు రెండు చక్రాల నడుమ, నేలకు దగ్గరగా ఉంటుంది. వెనక సీటు విప్పితే మరో మూటకు చోటు. పని అయిపోగానే సీటు మళ్లీ పెట్టేస్తే ఇంటావిడ కూర్చోవచ్చు. బరువు కిందికీ లోపలికీ ఉండాలి, అవసరం లేనప్పుడు విప్పేయగలగాలి. లగేజీ పాఠం మొత్తం ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

ఇదే మూటను మామూలు బైకు వెనక క్యారియర్ మీద, అంటే వెనక చక్రం ఇరుసు కన్నా వెనక్కి కట్టారనుకోండి. ఇరుసు దగ్గర అది మీటలా పనిచేసి బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ముందు చక్రానికి నేల మీద పట్టు తగ్గుతుంది. హ్యాండిల్ తేలికైపోతుంది. వేగంలో తోక ఊగుతుంది. రాత్రి హెడ్‌లైటు రోడ్డును వదిలేసి ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. పక్కన నిలబడి చూస్తే తోక కుంగి, మూతి లేచిన ఆకారం. అందం చెడింది, ఆపద వచ్చింది, రెండూ ఒకేసారి.

ఎంత బరువు అన్నది బండి బరువుతో పోల్చి చూసుకోవాలి. హీరో స్ప్లెండర్ ప్లస్ దాదాపు 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 దాదాపు 195 కిలోలు. 20 కిలోల లగేజీ క్లాసిక్‌కు తన బరువులో పదో వంతే. స్ప్లెండర్‌కు ఆరో వంతు దాటుతుంది. అందుకే బుల్లెట్ మీద హుందాగా కనిపించే జంట పెట్టెలు కమ్యూటర్ బండి మీద పెట్టెలకే చక్రాలు పెట్టినట్టు ఉంటాయి. బరువు పెరిగితే వెనక టైరు గాలి కంపెనీ పుస్తకంలో వెనక మనిషి ఉన్నప్పటికని రాసినంతకు పెంచాలి. వెనక షాకప్‌లకు మెట్లు ఉంటే ఒకటి రెండు బిగించాలి. రెండు పక్కలా ఒకే మెట్టు మీద ఉండాలన్నది మరవొద్దు. దీంతో కుంగిన తోక మళ్లీ తన ఎత్తుకు వస్తుంది, లైటు రోడ్డు మీదికి దిగుతుంది.

పెరికెడ్ల లెక్క

బరువును రెండు పక్కలా పంచడం ఈ నేలకు కొత్త కాదు. లారీలు, రైళ్లు లేని కాలంలో దక్కను అంతటా ఉప్పు, ధాన్యం మోసింది బంజారాల ఎడ్ల మందలే. ఎద్దు వీపు మీద అడ్డంగా పరిచిన పెరిక సంచి, దానికి అటో గోనె, ఇటో గోనె. ఒక పక్క బరువెక్కితే వీపు ఒరుసుకుపోతుంది, ఎద్దు దారి తప్పి నడుస్తుంది. అందుకని ఎత్తేముందే తూకం సరిచూసేవాళ్లు. నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి చుట్టుపక్కల తండాల్లో ఉన్నది ఆ బంజారాల వారసులే. వాళ్ల తాతల ఎద్దు వీపు మీది అమరికే నేడు శాడిల్ బ్యాగు పేరుతో బైకు సీటు మీదికి వచ్చింది.

బైకులో ఒక్క చిక్కుంది. ఎద్దుకు రెండు పక్కలూ ఒకటే, బండికి కావు. మన బళ్లకు కుడి పక్క సైలెన్సర్, ఎడమ పక్క చీర గార్డు. ఎడమ సంచి గార్డు మీద ఆని హాయిగా కూర్చుంటుంది. కుడి సంచికి ఆసరా లేదు. సరిగ్గా కట్టకపోతే జారి సైలెన్సర్ మీద వాలుతుంది. నైలాన్ 220 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది, ఇంజిన్‌కు దగ్గరగా ఉన్న గొట్టం ఎండాకాలపు దూరప్రయాణంలో ఆ వేడిని అందుకోవడం కష్టమేమీ కాదు. అలాగని కుడి సంచిని పైకి లాగి కడితే రెండూ ఎగుడుదిగుడుగా కనబడతాయి. వెనక నుంచి చూసేవాళ్లకు బండి ఒక పక్కకు ఒరిగినట్టే ఉంటుంది.

దీనికి మందు శాడిల్ స్టే. సన్నటి ఇనుప గొట్టాన్ని వంచి చేసిన చట్రం అది. సంచిని చక్రం పుల్లల్లోకి పోనివ్వదు, సైలెన్సర్‌కు తగలనివ్వదు, రెండు పక్కలా ఒకే ఎత్తులో నిలబెడుతుంది. స్టే లేకుండా మెత్తని సంచి కట్టడం ప్రమాదం. పరీక్ష తేలిక. సంచి నింపి కట్టాక అరచేత్తో చక్రం వైపు గట్టిగా నొక్కండి. టైరుకో, షాకప్‌కో తగిలిందా, స్టే కావాల్సిందే. వెనక ఒక మనిషిని కూర్చోబెట్టి షాకప్‌లు కుంగినప్పుడు కూడా ఇదే చూడాలి.

బజార్లో మీ మోడల్‌కు స్టే దొరక్కపోతే వెల్డింగ్ షాపు ఉండనే ఉంది. పాల క్యాన్ల కొక్కేలు, కూరగాయల జాలీలు, గ్యాస్ సిలిండర్ క్యారియర్లు చేసిచేసి చేతులు తిరిగిన పనివాళ్లు మన పట్టణాల్లో ప్రతి సెంటర్లోనూ ఉన్నారు. వాళ్లకు బరువు నిలబెట్టడం బాగా తెలుసు. అందం సంగతి మనమే చెప్పుకోవాలి. ‘అన్నా, సన్న పైపు పెట్టు. బండి చాసిస్‌కు వెల్డింగ్ వద్దు, బోల్టుల మీదనే నిలవాలె’ అని ముందే అనాలి. చాసిస్‌కు మంట తగిలితే అక్కడి ఇనుము బలహీనపడుతుంది, తర్వాత విప్పే దారీ ఉండదు. షాకప్ పైబోల్టు, ఫుట్‌రెస్టు బోల్టు, సీటు కింది బోల్టు... కంపెనీ ఇచ్చిన ఈ బిందువులు చాలు. చదరపు పైపు కన్నా గుండ్రటి పైపు కంటికి తేలిగ్గా ఉంటుంది. మెరిసే క్రోమ్ కన్నా నల్ల పౌడర్ కోటింగ్ మేలు. నల్లటి చట్రం నీడలో కలిసిపోతుంది, సంచి తీసేసినా అస్థిపంజరం కనబడదు.

నల్లమల దారిలో

నాగర్‌కర్నూల్ జిల్లాకు వచ్చేసరికి లెక్క మారుతుంది. ఇక్కడ ప్రయాణం దూరం, దారి అడవి. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం. ఫరహాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా శ్రీశైలం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి గేట్లు మూసేస్తారు. కాబట్టి గేటు పడేలోగా దాటాలన్న తొందర ఒకటి, చివర్లో కృష్ణ లోయలోకి దిగే ఘాటు మలుపులు ఒకటి. శని, ఆదివారాల్లో హైదరాబాద్ కుర్రాళ్ల బళ్లు ఇటే.

ఘాటులో లగేజీ తప్పులన్నీ బయటపడతాయి. మలుపులో బండి వంగినప్పుడు వదులు సంచి తన దారిన తాను పోతుంది. బ్రేకు వేస్తే సీటు మీది మూట ముందుకు జారి నడుమును తోస్తుంది. కొక్కేల రబ్బరు తాడు గొలుసులో పడితే చక్రం అక్కడికక్కడే పట్టేస్తుంది. సాగదీసిన తాడు కొక్కెం చేజారి ఎగిరితే కన్నుకే ముప్పు. అందుకే కొక్కేల తాళ్ల బదులు బకిల్ ఉన్న నైలాన్ పట్టీలు వాడాలి. మిగిలిన కొసను వేలాడనివ్వకుండా చుట్టి ముడేయాలి. బయల్దేరిన కాసేపటికే ఒకసారి ఆగి మళ్లీ బిగించాలి. ఏ మూటైనా మొదటి పది పదిహేను కిలోమీటర్లలోనే సర్దుకుని వదులవుతుంది.

ఈ దారిలో ఇంకో పరీక్షాధికారి ఉన్నాడు, కోతి. టీ కోసం బండి దిగిన నిమిషంలో సంచిలో బిస్కెట్ల వాసన పట్టి జిప్పు లాగేస్తుంది, రాకపోతే చింపేస్తుంది. తినేవి సీటు మీది సంచిలో పెట్టకుండా పట్టీలు గట్టిగా ఉన్న పక్క సంచిలో అడుగున సర్దాలి. గట్టి పెట్టె ఉన్నవాళ్లకు ఈ దిగులు లేదు. నిజానికి తాళం వేసి గుడికి పోవాల్సిన చోట గట్టి పెట్టెకు సాటి లేదు. అలాంటప్పుడు కూడా టాప్ బాక్స్ ఒక్కటి చాలునా, జంట సైడ్ బాక్సులా అన్నది ఆలోచించాలి. టాప్ బాక్స్ ఎత్తుగా, వెనగ్గా ఉంటుంది. చాలావాటి మీద గరిష్ఠ బరువు రాసే ఉంటుంది, తరచుగా అది పది కిలోలకు లోపే. హెల్మెట్టు, రెయిన్‌కోటు లాంటి తేలికపాటివి దాంట్లో, పనిముట్లు, నీళ్లు లాంటి బరువులు కిందున్న పక్క సంచుల్లో.

కొల్లాపూర్ వైపు వెళ్తే సోమశిల. అక్కడ కృష్ణ దాటి సిద్ధేశ్వరం వైపు పోయేవాళ్లు బైకును మరబోటు ఎక్కిస్తారు. ఇరుకు బల్ల మీదుగా బండి ఎక్కాలంటే పక్కలకు ఉబ్బిన పెట్టెలు అడ్డమే. చిటికెలో విడిపోయే సంచి ఉన్నవాడు భుజాన వేసుకుని ఎక్కుతాడు. బోల్టులతో బిగించిన పెట్టె ఉన్నవాడు నలుగురి సాయం అడుగుతాడు.

అట్టముక్క పరీక్ష

ఇక అసలు ప్రశ్న, అందం. బైకును పక్క నుంచి చూస్తే ట్యాంకు మీద మొదలై సీటు మీదుగా తోక దాకా ఒక గీత సాగుతుంది. కంటికి బండి రూపమంటే ముఖ్యంగా ఆ గీతే. దాన్ని తెంచే ఏ వస్తువైనా ఎబ్బెట్టుగా కనబడుతుంది. తెంచకుండా దాని వెంటే పోయేది నప్పుతుంది. పక్క సంచి పైఅంచు సీటుకు సమాంతరంగా, అడుగు అంచు సైలెన్సర్‌కు సమాంతరంగా ఉంటే సంచి బండితో పుట్టినట్టే ఉంటుంది. సంచి వెనకంచు టెయిల్ లైటు దాటకూడదు. రెండు సంచుల మొత్తం వెడల్పు హ్యాండిల్ వెడల్పు మించకూడదు. ఈ చివరిది ట్రాఫిక్‌కూ పనికొచ్చే సూత్రం. హ్యాండిల్ దూరిన సందులో బండంతా దూరాలి.

ఆకారం బండిని బట్టి ఉండాలి. బుల్లెట్, క్లాసిక్, జావా లాంటి పాతకాలపు వంపులకు మూలలు గుండ్రంగా ఉన్న తోలు, క్యాన్వాస్ సంచులు బాగుంటాయి. హిమాలయన్ లాంటి కొండ దారి బళ్లకు కోణాల అల్యూమినియం పెట్టెలు, రోల్‌టాప్ సంచులు సరిపోతాయి. తోక పైకి లేచిన పల్సర్, అపాచీ, డ్యూక్ లాంటివాటికి పక్క సంచులు ఒక పట్టాన కుదరవు, సీటు మీది చిన్న టెయిల్ బ్యాగో, ట్యాంకు బ్యాగో మేలు. ట్యాంకు బ్యాగు అయస్కాంతంతో నిలిచే రకమైతే ముందు మీ ట్యాంకు ఇనుముదో కాదో చూసుకోవాలి. పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటే అయస్కాంతం పట్టదు.

కొనకముందే చూసుకునే ఉపాయం ఒకటుంది, పైసా ఖర్చు లేదు. కిరాణా కొట్టు నుంచి ఒక అట్టపెట్టె తెండి. నచ్చిన సంచి పొడవు, ఎత్తు కొలతలకు అట్టముక్క కోసి, కాగితపు టేపుతో బండి పక్కన అంటించండి. పది అడుగులు వెనక్కి జరిగి ఫోన్లో ఫొటో తీయండి. అట్ట సీటు పైకి పొడుచుకొచ్చిందా? ఇండికేటర్ కప్పేసిందా? కిక్ కొట్టేటప్పుడు కాలికి తగులుతోందా? వెనక కూర్చున్నవాళ్లు పాదం పెట్టడానికి చోటుందా? ఒక అంగుళం కోసి మళ్లీ చూడండి. చాలామందికి తాము అనుకున్న దానికన్నా చిన్న సంచే నచ్చుతుంది. ఆ అట్టముక్కనే సీటు కవర్లు కుట్టే షాపులో ఇస్తే అదే కొలతకు క్యాన్వాస్ సంచి కుట్టిస్తారు. సీటు తొడుగు గుడ్డతోనే పైన ఒక పట్టీ వేయించుకుంటే సీటూ సంచీ ఒకే కుదురువి అవుతాయి.

రంగు దగ్గర తొందరపడొద్దు. బండి రంగుకు సరిగ్గా జోడీ వెతికితే ఎండకు బండి ఒకలా, గుడ్డ ఒకలా వెలిసి ఆర్నెల్లలో జోడీ తప్పుతుంది. నలుపు, ముదురు గోధుమ, బూడిద రంగు సీటుకో ఇంజిన్‌కో జోడవుతాయి గానీ ట్యాంకుకు కాదు, అదే మంచిది. మన ఎర్రమట్టి దుమ్ముకు బూడిద, గోధుమ రంగులే ఓర్చుకుంటాయి. తోలు సంచికి పాలమూరు (మహబూబ్‌నగర్) ఎండ అసలు పరీక్ష. అప్పుడప్పుడూ నూనె పట్టించకపోతే పగుళ్లు తప్పవు.

బండి పెయింటును పాడుచేసేది పట్టీ కాదు, పట్టీ కింద చేరిన దుమ్ము. ప్రయాణం పొడుగునా సన్నటి కదలికకు ఆ ఇసుక రేణువులు ఉప్పుకాగితంలా పెయింటును గీకుతాయి. పట్టీ తగిలే ప్రతి చోటా ముందే తుడిచి పారదర్శకమైన స్టిక్కర్ ఫిల్మ్ అంటిస్తే చాలు. కొనే ఖర్చు కొద్దిగానే, ట్యాంకుకు మళ్లీ రంగు వేయించే ఖర్చు మాత్రం వేలల్లో.

పెట్టెనే ముచ్చటగా మార్చినవాళ్లు

ఈ తలనొప్పి ప్రపంచమంతా ఉన్నదే. ఇటలీలో జుసెప్పే విసెంజీ అనే గ్రాండ్ ప్రి రేసర్ పోటీల నుంచి తప్పుకున్నాక 1978లో బ్రెషియాలో గివి కంపెనీ పెట్టి, బైకు పెట్టెల తయారీలో పెద్ద పేరు చేశాడు. రేసు బండి తేలికదనం తెలిసినవాడు బరువు మోసే పెట్టెలు చేయడం విచిత్రంగా అనిపించవచ్చు గానీ, బరువు ఎక్కడ ఉంటే బండి ఎలా తిరుగుతుందో అలాంటివాళ్లకే బాగా తెలుస్తుంది. 1989లో హోండా ఇంకో అడుగు వేసింది. పసిఫిక్ కోస్ట్ అనే 800 సీసీ బండికి వెనక భాగాన్నే కారు డిక్కీలా తెరుచుకునేలా చేసింది. మూత వేస్తే పెట్టె ఉన్నట్టే తెలియదు. హార్లే డేవిడ్సన్ అయితే పక్క పెట్టెలను మడ్‌గార్డు వంపులో కలిపేసి అదే తన ముద్రగా మార్చుకుంది. అమెరికాలో అలాంటి పెట్టెల బళ్లతోనే 2020 నుంచి ‘కింగ్ ఆఫ్ ది బ్యాగర్స్’ పేరుతో రేసులు జరుగుతున్నాయి. పెట్టె ఉంటే రూపం చెడుతుందనేవాళ్లు ఆ రేసును ఒకసారి చూడాలి.

మన దేశంలోనూ బెంగళూరులో వయాటెర్రా, ముంబైలో రైనాక్స్ లాంటి సంస్థలు మన రోడ్లకు, మన వానలకు తగిన మెత్తని సంచులు చేస్తున్నాయి. ఒకప్పుడు విదేశీ సరుకే గతి అన్న పరిస్థితి ఇప్పుడు లేదు.

చట్టం ఏమంటుంది?

చీర గార్డు మన రూల్స్ పుస్తకంలో ఉన్నదే. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పే రక్షణ, పట్టుకోవడానికి హ్యాండిల్, పాదం పెట్టడానికి ఫుట్‌రెస్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. సంచి కోసమో, స్టైల్ కోసమో గార్డును పీకేయడం చట్టరీత్యా తప్పు. గద్వాల చీర కట్టిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడు బుద్ధిరీత్యా అంతకన్నా తప్పు.

పెట్టె కొలతల మీద కేంద్ర రవాణా శాఖ 2020లో స్పష్టత ఇచ్చింది. బైకు మీది తేలికపాటి పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించకూడదు. వెనక మనిషి కూర్చునే చోట పెట్టె పెడితే నడిపేవాడు ఒక్కడే వెళ్లాలి. ఆ చోటు వదిలి వెనక పెడితే రెండో మనిషిని ఎక్కించుకోవచ్చు. ఎలా కట్టినా నంబర్ ప్లేటు, టెయిల్ లైటు, ఇండికేటర్లు బయటికి కనబడాలి.

కొనే ముందు ఒక్క నిమిషం

• వారం రోజుల సరుకు జాబితా రాసి, నింపిన సంచిని ఇంటి తూకం మీద పెట్టి చూడండి.
• బండి మీద ఎంత బరువు మోయొచ్చో యజమాని పుస్తకంలో ఉంటుంది. మనుషుల బరువు అందులోంచే తీసేయాలి.
• ఖర్చులో మొదటి వాటా స్టేకు, రెండోది సంచికి, చివరిది వాన కవరుకు.
• కుడి సంచికి, సైలెన్సర్‌కు మధ్య కనీసం నాలుగు వేళ్ల ఎడం ఉండాలి.
• బోల్టులకు లాక్ వాషర్లు వేయించి, వారం తర్వాత మళ్లీ బిగించుకోండి.
• వాన కవరు ముదురు పసుపో, నారింజో అయితే వానలో వెనక లారీవాడికి మీరు కనబడతారు. ఇక్కడ మాత్రం అందాన్ని పక్కన పెట్టాల్సిందే.

బిగించడం కన్నా విప్పడమే ముఖ్యం

లగేజీ వల్ల బండి అందం పోయిందనే వాళ్లలో చాలామంది బళ్లు చూడండి. ప్రయాణం అయిపోయి నెలైనా పెట్టెలు అలాగే ఉంటాయి. సంక్రాంతికి బిగించినవి ఉగాది దాకా మార్కెట్‌కు, ఆఫీసుకు, పెళ్లికి కూడా వెళ్తాయి. ఖాళీగా ఉన్నా సరే, అవి పెట్రోలు తింటాయి, సందుల్లో తగులుతాయి, గతుకుల్లో గలగలలాడతాయి. పెబ్బేరులో ఎక్సెల్ సీటు విప్పి మూట వేసి, సంత అయ్యాక మళ్లీ సీటు బిగించేవాడికి ఈ ఇబ్బంది లేదు.

కాబట్టి దుకాణంలో ధర అడిగే ముందు ఒక పని చేయించండి. ‘అన్నా, దీన్ని ఒకసారి బిగించి, మళ్లీ విప్పి చూపియ్’ అనండి. స్పానర్ లేకుండా, రెండు నిమిషాల్లో, రెండు చేతులతో వచ్చేస్తే తీసుకోండి. పెట్టె తాళం తిప్పగానే ఊడిందా, పట్టీ బకిల్ నొక్కగానే వదిలిందా, స్టే మీద గీత పడకుండా సంచి జారిందా చూడండి. పనివాణ్ని పిలవాల్సి వచ్చిందంటే మాత్రం ఆ సరుకు ఎంత అందంగా ఉన్నా షాపు గోడకే వదిలేసి రండి.